కథ ముందా, ముందుమాట ముందా

జగిత్యాల గ్రంథాలయంలో నా చివరి రోజున శాలువాలు కప్పడం, ఫొటోలు దిగడం అయిపోయాక, నా స్థానంలో చేరిన అఖిల నన్ను బీరువాల వెనక్కి పిలిచింది. నిన్న ఒకాయన పాత పుస్తకం తీసుకెళ్తూ, ముందుమాట చదివి మొదలుపెట్టాలా, దాన్ని వదిలేసి కథలోకి పోవాలా అని అడిగాడట. తనకేం చెప్పాలో తెలియలేదట.

"మీరైతే ఏం చెప్తరు మేడం?"

చేతుల్లో పూలదండలు, బయట ఆటో. తర్వాత చెప్తానని వచ్చేశాను. ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది, ఇది ఒక్క మాటలో తేలే సంగతి కాదని. నా కొలువంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినట్టే ఉంది. అందుకే అఖిల కోసం, ఆమె తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పుస్తకాలకు నెంబర్లు వేయడం, స్టాకు సరిచూడటం ట్రైనింగులో నేర్పుతారు. మనుషులకు పుస్తకం అందించడం మాత్రం ఎవరూ నేర్పరు.

రాజమౌళి సార్

నేను మొదట చేరింది సిరిసిల్లలో. అప్పటికి జిల్లాలు విడిపోలేదు. అక్కడి గ్రంథపాలకుడు రాజమౌళి సార్. ధర్మపురిలో అర్చకుల ఇంట పుట్టి, గుడి వదిలి పుస్తకాల దగ్గరికి వచ్చిన మనిషి. పాత కావ్యమో, పాత నవలో తీసుకెళ్లేవాళ్లను ఆయన ఒకటే అడిగేవాడు, ముందుమాట చదువుతావా లేదా అని. నేను చేరిన వారంలోనే ఎందుకు సార్ ఈ పట్టుదల అని అడిగాను.

"గుడికి పోతే కాళ్లు కడుక్కుంటమా లేదా బిడ్డ? ముందుమాట గదే" అన్నాడు.

అప్పుడది నాకు చాదస్తంగా తోచింది. వెంకటేశం వచ్చేదాకా.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని తన సాంచాల మీద బట్ట నేసి ఇచ్చే చిన్న యజమానిని ఆసామి అంటారు. వెంకటేశం అట్లాంటి ఆసామి. చనిపోయిన తండ్రి నోట విన్న పద్యాలు ఏ పుస్తకంలోవో వెతికి వెతికి పట్టుకున్నాడు. ఎంతో ఇష్టంగా ఇంటికి తీసుకెళ్లిన ఆ పాత కావ్యాన్ని నాలుగు రోజులు తిరక్కుండానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎక్కడ చూసినా విందులే, వంటలే, పెళ్లి భోజనాలే, ఒక్కో కూర గురించి ఈ కవి పేజీలకు పేజీలు రాసుకుంటూ పోయాడు, వీడికి వేరే పనిలేదా అని విసుక్కున్నాడు.

రాజమౌళి సార్ కుర్చీ చూపించి, పుస్తకం తెరిచి, ముందుమాటలో ఒక పేరా చదివి వినిపించాడు. ఆ కవి ఉన్న ఊళ్లో కరువు వచ్చిందని, ఊరు విడిచి ఇంకొకరి పంచన చేరి, ఒక పూట తిండితో ఆ కావ్యం రాశాడని అందులో ఉంది.

వెంకటేశం పుస్తకం మళ్లీ చంకన పెట్టుకుని వెళ్లాడు. ఈసారి గడువు పెంచమని రెండు సార్లు వచ్చాడు. చివరికి తిరిగిచ్చిన రోజున సార్‌తో అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"ఆకలైనోడు రాసిండని తెలిసినంక ఒక్క కూర గూడ ఇడువబుద్ధి గాలే సార్."

ఆ రోజు నుంచి నేనూ సార్ పక్షమే. అడిగిన ప్రతివాళ్లకూ ముందుమాట చదవమనే చెప్పాను. కొత్తగా కొలువులో చేరినవాళ్లకు పై అధికారి మాట అంత బాగా పట్టేస్తుంది.

కానీ సార్ చేసిన పొరపాటు కూడా నేను చూశాను. సుగుణ అని ఒక నర్సు ఉండేది. బోయినపల్లి నుంచి బస్సులో వచ్చేది, డ్యూటీ దిగాక బస్సు టైం అయ్యేలోపు మా దగ్గర నవల మార్చుకునేది. ఒక సాయంత్రం ఆమె పుస్తకం తిరిగిస్తుంటే, ముందుమాటలో ఏం చెప్పారమ్మా అని సార్ అడిగాడు. చదవలేదు సార్, కథ చదవడానికే టైం దొరకదు అందామె. పేపర్లు చదివేవాళ్లు నలుగురు వింటుండగా, కథ కోసమైతే టీవీ ఉంది కదా అని సార్ నవ్వుతూ అన్నాడు. ఆమె కూడా నవ్వింది. కొత్త పుస్తకం తీసుకోకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆయన నిజంగా బాధపడ్డాడు. ఆమెకు నచ్చే నవల ఒకటి నాకిచ్చి ఆసుపత్రికి పంపాడు. సుగుణ నన్ను మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తాగించింది. పని ఎక్కువగా ఉంటోందక్కా, చదవడం కుదరదు అని పుస్తకం నాతోనే పంపించింది. నేను తిరిగొచ్చి బల్ల మీద పెట్టిన పుస్తకాన్ని సార్ తనే తీసుకెళ్లి బీరువాలో పెట్టాడు.

"తొవ్వ చూపియ్యాలని నిలవడ్డ గని, తొవ్వకే అడ్డమైన" అన్నాడు.

ఆయన నా మొదటి గురువు, మంచి గురువు. ఆయన నేర్పిన వాటిలో ఈ పొరపాటును కూడా కలిపే లెక్కేసుకుంటాను. చదవమని చెప్పొచ్చు. చదివావా అని నిలదీయకూడదు.

బిట్ల కోసం చదివేవాళ్లు

వరస తప్పినా జగిత్యాల ముచ్చట ఇక్కడే చెప్పేస్తాను. అది చిన్నదే.

జగిత్యాల రీడింగ్ హాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు తెచ్చుకుని కూర్చుంటారు. పాత పుస్తకాలు వాళ్లు బాగానే అడుగుతారు. బీరువా దగ్గరే నిలబడి ముందుమాటను ఫోన్లో ఫొటో తీసుకుని, పుస్తకం అక్కడే పెట్టేస్తారు. ఎవరు రాశారు, ఎవరికి అంకితమిచ్చారు, నాయిక పేరేంటి, ముగింపేంటి, అన్నీ అందులోనే దొరుకుతాయి. పరీక్షలో వచ్చే బిట్లకు, అంటే ఒక్క మాటలో జవాబిచ్చే ప్రశ్నలకు, అది చాలు.

వాళ్లను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. కొలువు లేనివాడికి రసం గురించి చెప్పేంత బుద్ధిలేని దాన్ని కాదు. కానీ స్రవంతి అన్న మాట మీకు తెలియాలి. ఆ అమ్మాయి టీచరు ఉద్యోగం తెచ్చుకుని స్వీట్ల డబ్బాతో వచ్చింది. ఇప్పుడు తీరిక దొరికింది మేడం, ఆ పుస్తకాలన్నీ మొదటినుంచి చదువుతాను అని ఒక నవల తీసుకెళ్లింది. నెల తర్వాత సగంలో ఆపేసి తెచ్చిచ్చింది.

"ఏ పేజీ తీసినా బిట్టు కరెక్టేనా కాదా అని చెక్ చేసినట్టే అనిపిస్తంది మేడం. కత లోపటికి పోతలేను."

అన్నీ ముందే తెలిసిపోతే అంత నష్టం ఉంటుంది. దాన్ని తక్కువ చేసి చెప్పను. ఆమెకు ఎవరూ ముందుమాట రాయని కొత్త కథల పుస్తకం ఒకటి ఇచ్చి పంపాను. అది చదివింది.

కోరుట్ల మధ్యాహ్నాలు

సిరిసిల్ల తర్వాత, జగిత్యాలకు రాకముందు, నేను ఎక్కువ కాలం పనిచేసింది కోరుట్లలో. శాఖా గ్రంథాలయం పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి ఉంటుంది. మధ్యలో మూసేస్తాం. మా ఇల్లు జగిత్యాలలో. మధ్యాహ్నం ఇంటికి పోయి మళ్లీ రావడం బస్సుల్లో కుదరదు. అందుకని డబ్బాలో తెచ్చుకున్నది తిని అక్కడే కూర్చునేదాన్ని.

వెనక గల్లీలో గంగవ్వ ఇల్లు. ఆమె ఇంటి ముందు వసారాలో మధ్యాహ్నం పూట ఏడెనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేవాళ్లు. ఒక్కదానివే తాళం వేసుకుని ఏం కూర్చుంటావు, ఇటు రమ్మని గంగవ్వ ఒకరోజు పిలిచింది. నా చేతిలో పుస్తకం చూసి అదేంటని అడిగింది. కథ అన్నాను. మా చేతులకు పనుంది గానీ చెవులకు లేదు, చదివి వినిపించు అంది. అట్లా మొదలైంది.

చిన్న కథలు కొన్ని అయ్యాక, చాలా రోజులొచ్చే లావు పుస్తకం తెమ్మన్నారు. నేనొక పాత నవల ఎంచుకున్నాను. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకా చదవనివాళ్లకు నేనే కథ చెప్పేసినట్టవుతుంది. పని వెతుక్కుంటూ దూరదేశం పోయిన మనిషి, అతని కోసం ఎదురుచూసే భార్య. అంతే కథ. ఆ వసారాలో కూర్చునేవాళ్లలో సగం ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. ఇది చదవొచ్చా అని నాకే జంకు పుట్టింది. విషయం చెప్పి గంగవ్వను అడిగాను.

"మా కతనే గద. చదువు" అంది.

ఆ పుస్తకానికి ఒక ప్రొఫెసర్ రాసిన పెద్ద ముందుమాట ఉంది. కథంతా అందులో ఉంది, చివరి దాకా. రాజమౌళి సార్ శిష్యురాలినే అయినా దాన్ని దాటేసి మొదటి అధ్యాయంలోకి వెళ్లిపోయాను. వాళ్లు బీడీలు చేస్తూ వింటున్నారు. వాళ్లకు కావలసింది కథ.

రజిత అనే అమ్మాయి ఎప్పుడూ గోడవారగా కూర్చునేది. ముత్యంపేట ఆమె పుట్టిల్లు, అత్తగారిల్లు గంగవ్వ ఇంటి పక్కనే. భర్త గంగాధర్ సౌదీలో ఉన్నాడు. నవల మొదలుపెట్టినప్పుడు అతను వారం వారం ఫోన్ చేస్తుండేవాడు. సగానికి వచ్చేసరికి ఫోన్లు ఆగిపోయాయి. అతను పనిచేసే కంపెనీ మూతపడిందని ఒకరు, కాదు ఇంకో ఊరికి మార్చారని ఒకరు చెప్పారు. రజిత ఎవరినీ ఏమీ అడిగేది కాదు. రోజూ వచ్చేది, ఆకు కత్తిరించేది, వినేది.

ఒకరోజు నేను గ్రంథాలయం తాళం తీస్తుంటే వెనకాలే వచ్చి నిలబడింది.

"మేడం, ఆయన అస్తడా రాడా?"

ఎవరి గురించి అడుగుతోందో ఒక్క క్షణం అర్థం కాలేదు. నవలలో మనిషి గురించి. పుస్తకం ముందు భాగంలో అంతా రాసి ఉంటుందట కదా, తనకు ఏడో తరగతి దాకా చదువొచ్చు, అది చదువుకోనివ్వమంది.

ముందే తెలిస్తే వినాలనిపించదేమో అని నచ్చజెప్పబోయాను.

"బయటనేమో ఏం తెల్వకుంట ఉంటున్న. గిదన్న తెలిసి వింట మేడం. గిది గూడ తెల్వకుంట వినుడు నాతోని అయితలేదు."

పుస్తకం ఇచ్చేశాను. రీడింగ్ హాల్లో ఫ్యాను కింద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుకుంది. నేను పేపర్లు సర్దుతున్నట్టు నటిస్తూ చూస్తూనే ఉన్నాను. అందులో ఉన్నది మంచి కబురు కాదు. దూరదేశం పోయినవాడు అక్కడే చనిపోతాడు, తిరిగిరాడు. చదవడం అయ్యాక ఆమె పుస్తకం మూసి, కొంగుతో అట్ట తుడిచి నాకిచ్చింది. ఏడవలేదు. రేపు ఎక్కడినుంచి చదువుతారు మేడం అని అడిగింది.

మర్నాడు అందరితోపాటు వచ్చి కూర్చుంది. కానీ నవలలో భార్య పండక్కి కొత్త చీర కొనుక్కునే చోట, అందరూ ముసిముసిగా నవ్వుతుంటే, రజిత కళ్లు తుడుచుకుంది. గంగవ్వ చూసింది. చదవడం ఆపమని చేయి చూపించి, ఈ పిల్లకు కథ చెప్పావా అని నన్ను అడిగింది. ముందుమాట చదవడానికి ఇచ్చానని చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

గంగవ్వ భర్త చాలా ఏళ్ల కింద పనికని బొంబాయి పోయి అక్కడే చనిపోయాడు. కబురు ఊరికి చేరేసరికి రోజులు గడిచిపోయాయి. ఆ సంగతి అందరికీ తెలుసు గానీ, ఆమె నోటి నుంచి నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఆయన పోయినంక గూడ నాకు తెల్వక మా అత్తతోని నవ్వుకుంట నాట్లకు పోయిన. ఎనక నుంచి తలుసుకుంటే గవే నాకు మిగిలిన మంచి దినాలు. ముందుగాల తెలిస్తే అవి గూడ పోతుండె. నాకైతే చెప్పకు" అని నాతో అని, రజిత వైపు తిరిగి, "నువ్వు నోరు తెర్వకు" అంది.

రజిత తలూపింది. ఆ నవల పూర్తయ్యేదాకా ఎవరు ఎంత గుచ్చి అడిగినా ఒక్క మాట బయటపెట్టలేదు.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ నేను ఇద్దరి గురించీ ఆలోచించాను. ఎవరిది తప్పు? ఒకామెకు తెలియకపోవడం మిగిల్చిన నాలుగు మంచి రోజులున్నాయి. ఇంకొకామె తెలియకపోవడంతోనే రోజూ నలిగిపోతోంది. అంతకు ముందు నేను ఈ ప్రశ్నను పుస్తకం గురించి అనుకునేదాన్ని. ఆ సాయంత్రం నుంచి మనిషి గురించి అనుకున్నాను.

ఆ కబురు వచ్చే అధ్యాయం చదివిన రోజు చేతులన్నీ ఆగిపోయాయి. గంగవ్వ చాట పక్కన పెట్టి గోడకు ఆనుకుంది. లేచి లోపలికి పోయి నీళ్లు తెచ్చింది రజితే. గంగవ్వకు తాగించి, పక్కనే కూర్చుని, ఆమె చాటలోని ఆకు తీసి తను చుట్టడం మొదలుపెట్టింది. ముందే తెలుసు కాబట్టి ఆ పూట నిలబడగలిగింది ఆమె ఒక్కతే.

నేను పుస్తకం మూయబోతే, ఇంకా ఉంది కదా మేడం, చదవండి అంది రజిత.

నిజంగానే ఇంకా చాలా ఉంది. ఆ కబురు తర్వాత కూడా ఆ భార్య గేదెను కొంటుంది, పొరుగామెతో కొట్లాడుతుంది, చెల్లెలి పెళ్లి చేస్తుంది, ఒకచోట విరగబడి నవ్వుతుంది కూడా. అదంతా చదవడానికి మరికొన్ని వారాలు పట్టింది. చివరి పేజీ అయిన రోజు అందరూ లేచి వెళ్తుంటే రజిత నాతోపాటు గ్రంథాలయం దాకా నడిచింది.

"సారు ముందుమాటల విషాదాంతం అని రాసిండు మేడం. గది చదివినప్పుడు ఇగ అయిపోయింది అనుకున్న. గని గా కబురు అచ్చినంక గూడ ఆమె మస్తు పేజీలు బతికింది."

ప్రొఫెసర్ రాసింది తప్పు కాదు. విద్యార్థులకు చెప్పాలంటే అది విషాదాంతమే. రజితకు కావలసింది వేరు. అది ముందుమాటలో దొరకలేదు, కథలో దొరికింది. కానీ ముందుమాట చదివి ఉండకపోతే కథను అంతదాకా విని ఉండేది కాదేమో. ఇప్పటికీ నేను తేల్చలేను.

గంగాధర్

గంగాధర్ వచ్చాడు. కంపెనీ మూతపడి, చేతిలో కాగితాలు లేక, ఊళ్లో ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియక ఫోన్ చేయడం మానేశాడట. చివరికి, పాస్‌పోర్టు లేనివాళ్లకు మన రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్ పాస్ మీద వచ్చాడు. ఆ రోజు గల్లీలో జరిగిన సందడిలో నేను లేను, సాయంత్రం డ్యూటీలో ఉన్నాను. గంగవ్వ మనిషిని పంపి కబురు చేసింది, ఒక గిన్నెలో సేమియా పాయసంతో.

మనిషి బాగా చిక్కిపోయాడు. కొన్ని వారాలు ఇంట్లోంచి కదల్లేదు. ఏం తెచ్చావని అడిగేవాళ్లు ఎదురవుతారని భయం. ఒకరోజు రజిత అతన్ని గ్రంథాలయానికి తీసుకొచ్చింది. ఇక్కడైతే ఎవరూ ఏమీ అడగరు, కూర్చో అని చెప్పి, నేను ఆ నవల ఉన్న బీరువా చూపిస్తే తనే తీసింది. అతనికి ఇవ్వబోతూ ఆగి, మెడలోని గొలుసుకు గుచ్చుకున్న పిన్నీసుల్లో ఒకటి తీసి, ముందుమాట పేజీలన్నీ కలిపి గుచ్చేసింది.

గ్రంథాలయం పుస్తకానికి పిన్నీసు గుచ్చడం నియమాలకు విరుద్ధం. అది పట్టించుకోకుండా, నువ్వు మాత్రం ముందే చదివావు కదా అని నవ్వుతూ అడిగాను.

"అప్పుడు నాకు ఆయన లేకుండె మేడం. ఇప్పుడు ఆయనకు నేనున్న" అంది.

గంగాధర్ రోజూ సాయంత్రం వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చదివేవాడు. వచ్చినప్పుడు పలకరింపుగా తలూపడం, వెళ్లేటప్పుడు పుస్తకం నా బల్ల మీద పెట్టడం, అంతే. ఆ కబురు వచ్చే అధ్యాయం రోజున లేచి బయటికి పోయి, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఎంతో నెమ్మదిగా, ఒక్క పేజీ వదలకుండా చివరిదాకా చదివాడు.

అయిపోయిన రోజున వెంటనే లేవలేదు. పిన్నీసు తీసి జేబులో వేసుకుని, ముందుమాట మొదలుపెట్టాడు. హాల్లో పేపర్లు చదివేవాళ్లంతా వెళ్లిపోయారు. నేను కిటికీలు మూస్తున్నాను. అతను పుస్తకం తెచ్చి నా చేతికిచ్చి, కొంచెం మొహమాటపడుతూ అడిగాడు.

"గీ సారు ఎక్కడ గూడ రాయలే గని, చదివినంక ఈయన గూడ ఏడ్చిండా మేడం?"

అన్నేళ్లలో ఏ ముందుమాట గురించీ నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఆ ప్రొఫెసర్ ఎట్లా ఉంటాడో నాకు తెలియదు. కానీ ఎక్కడో ఒక గదిలో ఇదే పుస్తకం చివరి పేజీ ముగించి, ఇతనిలాగే లేవలేక కూర్చుని ఉంటాడని తోచింది.

"ఏడ్చే ఉంటడు" అన్నాను. "లేకపోతే గన్ని పేజీలు ఎందుకు రాస్తడు?"